మా ఆయన అనకూడని వేసవి

ఆ వేసవిలో మా ఇంట్లో ఒక మాట మీద నిషేధం ఉండేది. ఆ మాట "మా ఆయన".

ఇంట్లో గానీ, బజారులో గానీ, చర్చిలో గానీ, నవ్వులాటకైనా సరే అమ్మ నోటి వెంట ఆ మాట రాకూడదని మా లాయరు ఒచోవా చెప్పాడు. చెప్పినదానికి నాలుగింతలు చేయడం అమ్మ స్వభావం. మూడేళ్ళుగా తనతో ఒకే ఇంట్లో ఉంటున్న ఆమోస్‌ని ఆ రోజు నుంచి "పికెట్ గారూ" అని పిలవడం మొదలుపెట్టింది. ఆయనా తక్కువేం తినలేదు. పొద్దున్నే కాఫీ బల్ల దగ్గర కూర్చుని, "సిస్టర్ టేటమ్ గారూ, తమకు శ్రమ కాకపోతే ఆ చక్కెర ఇలా జరుపుతారా" అని అడిగేవాడు. నాకు నవ్వొచ్చేది. అమ్మ మాత్రం చక్కెర డబ్బా బల్ల మీద టక్కున పెట్టి, "షరీస్ చెవులు ఎక్కడెక్కడున్నాయో మీకేం తెలుసు" అనేది.

షరీస్ మా నాన్న రెండో భార్య.

నాన్న ఇరవై రెండేళ్ళు సైన్యంలో చేసి ఫస్ట్ సార్జెంటుగా రిటైరయ్యాడు. ఆ హోదాలో ఉన్నవాళ్ళని సైన్యంలో "టాప్" అంటారు. మా ఊరు కిల్లీన్‌లో సగం మంది సైన్యంలో చేసినవాళ్ళు, మిగతా సగం వాళ్ళ పెళ్ళాం పిల్లలు. అందుకని ఊరంతా ఆయన్ని టాప్ అనే పిలిచేది, అమ్మతో సహా. విడాకులిచ్చినప్పుడు జడ్జి, టాప్ పోయాక వచ్చే కుటుంబ పెన్షన్ మొదటి భార్యకే చెందాలని తీర్పు రాశాడు. జర్మనీ, కొరియా, కాన్సాస్, జార్జియా, ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి సామాను కట్టుకుని వెళ్ళి, ఏ ఊళ్ళోనూ ఒక ఉద్యోగంలో కుదురుకోలేకపోయిన మనిషికి అది న్యాయమే. "అది పెన్షన్ కాదే, నా జీతం. ఆలస్యంగా వస్తుంది, అంతే" అనేది అమ్మ.

అయితే ఆ జీతానికి ఒక ముడి ఉంది. అది ఒక్క ఆడమనిషికే వస్తుంది. మాజీ భార్య యాభై అయిదేళ్ళు నిండకముందు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆ హక్కు పోతుంది. అప్పటికి టాప్ బతికి ఉండి సంతకం పెట్టగలిగితే, దాన్ని షరీస్ పేరుకి మార్చవచ్చు. అమ్మకి సెప్టెంబరులో యాభై అయిదు నిండుతాయి. ఆమోస్ పెళ్ళిమాట ఎప్పుడో ఎత్తాడు. సెప్టెంబరు దాటనీ అంది అమ్మ. సరే అన్నాడాయన. ఈలోగా టాప్ ఊపిరితిత్తులు పాడయ్యాయి. ముక్కులో గొట్టం లేకుండా గాలి పీల్చలేడు. ఎంతకాలం ఉంటాడో డాక్టర్లు చెప్పడం మానేశారు.

షరీస్ చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. మా టెక్సస్‌లో పెళ్ళికి పాస్టరూ లైసెన్సూ ఉండి తీరాలని లేదు. ఇద్దరూ మొగుడూ పెళ్ళాలమని ఒప్పుకుని, ఒకే కప్పు కింద కాపురం ఉండి, నలుగురిలో అలాగే చెప్పుకుంటే చట్టం దృష్టిలో అది పెళ్ళే. వెర్లీన్ టేటమ్‌కి ఆమోస్ పికెట్‌తో అలాంటి పెళ్ళి ఎప్పుడో అయిపోయిందని షరీస్ జూన్‌లో కోర్టుకెక్కింది. ఒకే కప్పు అన్నదాన్ని మేం కాదనలేం. వడగళ్ళ వానకి ఆమోస్ ఇంటి పైకప్పు లేచిపోతే ఒక నెల ఉండి పోతానని వచ్చినవాడు మా ఇంట్లోనే ఉండిపోయాడు. ఇక మిగిలింది నోటిమాట. నిషేధం అందుకు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. బడిలో సైన్సు చెప్తాను. సెలవులు కాబట్టి లాయరు పంపిన కాగితాలు చదివి అమ్మకి విడమరిచి చెప్పడం నా పని అయింది. అమ్మ కళ్ళు మూసుకుని అంతా వినేది. చివర్లో ఒకటే అడిగేది. "ఇంతకీ అది మనదా, దానిదా?"

ఇంకా తేలలేదని చెప్పేదాన్ని.

కనీసం పడకలైనా వేరు చెయ్యమన్నాడు ఒచోవా. ఆమోస్ తన పాత ట్రైలర్ ఒకటి, ట్రక్కుకి తగిలించి చేపల వేటకి తీసుకెళ్ళే పడక బండి, తెచ్చి మా పెరట్లో నిలిపాడు. జులైలో టెక్సస్ ఎండ ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. ఆ రేకు డబ్బాలో ఆయన పొద్దున లేచేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేవి. అరవై దాటిన మనిషి. పక్కింటి మిసెస్ హటో కంచె మీద మోచేతులు ఆనించి, "వెర్లీన్, డీకన్ గారిని బయట కట్టేశావేం, కరుస్తాడా?" అని అడిగింది. అమ్మ గులాబీలకి నీళ్ళు పెడుతూ, "కరవడు గానీ, నీలాగా మొరగడం కూడా రాదు" అంది.

చర్చి పెద్దలకి ఇచ్చే డీకన్ అన్న పేరు కూడా ఆయనకి ఎన్నాళ్ళో నిలవలేదు. కోర్టు సంగతి చర్చిలో పొక్కింది. పాస్టరు ఆయన్ని పక్కకి పిలిచి, పెళ్ళికాని ఆడమనిషి ఇంట్లో ఉంటున్నానని రేపు ప్రమాణం చేసి చెప్పబోయేవాడు ముందు బెంచీలో కూర్చుంటే ఎలాగని మెల్లగా అడిగాడట. తర్వాతి ఆదివారం ఆమోస్ డీకన్ల బెంచీ వదిలేసి తలుపు దగ్గర ఆఖరి వరసలో కూర్చున్నాడు. కాగితం విసనకర్రతో విసురుకుంటూ పాటలన్నీ పాడాడు. పెళ్ళయిందని షరీస్ కోర్టుకెక్కితే, కాలేదని చర్చి వెనక బెంచీకి పంపింది. ఈ రెంటి మధ్యా నలిగిన మనిషి పల్లెత్తు మాట అనలేదు. "సెప్టెంబరు ఎంతలో వస్తుందిలే" అన్నాడు నాతో.

ప్రతి శుక్రవారం నేను నాన్నని చూడ్డానికి వెళ్ళేదాన్ని. ఆ రోజు చర్చి పెరట్లో మగవాళ్ళు పెద్ద మూకుడు పెట్టి క్యాట్‌ఫిష్ వేయిస్తారు. ఆడవాళ్ళు కిటికీ దగ్గర నిలబడి ప్లేట్లు కట్టి అమ్ముతారు. జబ్బుగా ఉన్నవాళ్ళకి చర్చి తరఫున ఒక ప్లేటు పంపడం ఆనవాయితీ. అమ్మ ఒక ప్లేటు కట్టించి, మీద రేకు కాగితం చుట్టి, కారులో కూర్చున్న నా ఒళ్ళో పెట్టేది. "చర్చివాళ్ళు పంపారని చెప్పు" అనేది. నేను అలాగే చెప్పేదాన్ని.

తలుపు తీసేది షరీస్. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద, అంతే. కళ్ళ కింద నల్లగా గుంటలు పడి ఉండేవి.

"రావమ్మా టీచరమ్మా. మీ అమ్మ కేకుకి చెప్పిందా?" అంది ఒకసారి.

"ఏ కేకు?"

"పుట్టినరోజు కేకో, పెళ్ళి కేకో. రెండూ ఒకటేగా ఆవిడకి."

నేను లోపలికి నడిచాను. నా వెనకే వచ్చింది. తొమ్మిదేళ్ళుగా కాపురం చేస్తున్నది తను, ఆ మనిషిని లేపి కూర్చోబెట్టేది తను, గొట్టం ఊడిపోతుందని కుర్చీలోనే కునుకు తీసేది తను, రేపు ఆయన పోతే పైసా రానిది కూడా తనకేనని వరసగా అప్పజెప్పింది. "కొరియాలో అట్టపెట్టెలు సర్దినావిడకి పెన్షనట. నాకు ఈ కుర్చీ."

"మా అమ్మ అట్టపెట్టెలు సర్దుతున్నప్పుడు నువ్వెక్కడున్నావు?" అన్నాను.

"హైస్కూల్లో ఉన్నాను. అది నా తప్పా?"

కాదని నాకూ తెలుసు. ఆమె మీద కోపం మాత్రం తగ్గలేదు.

నాన్న వాలుకుర్చీలో ఉన్నాడు. ఒకప్పుడు వందమందిని ఒక్క కేకతో నిలబెట్టిన గొంతు, ఇప్పుడు రెండు మాటలకోసారి ఆగుతోంది. షరీస్ రేకు విప్పి, చేప ముక్కలో ముళ్ళు వేళ్ళతో ఏరి, ఆయన నోట్లో పెట్టింది. నా ముందు కావాలనే అలా చేస్తోందనుకున్నాను. కానీ ఒక్క ముల్లు కూడా వదలకుండా ఏరింది. ఆమె చేతులు కడుక్కోడానికి వెళ్ళినప్పుడు నాన్న నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"నాకు తోక ముక్క ఇష్టమని చర్చికెలా తెలిసిందే?"

నేను రేకు కాగితం మడిచాను.

"ఉప్పు తగ్గిందని చెప్పు మీ... చర్చికి."

ఇంటికొచ్చి చెప్పాను. ఆయన నాలుక కూడా పాడైపోయి ఉంటుంది, ఉప్పు సరిగ్గానే ఉందని విసుక్కుంది అమ్మ.

జులై ఆఖరి శుక్రవారం సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి ఆమోస్ ట్రైలర్ మెట్టు మీద కూర్చుని బూట్లకంటిన పిండి దులుపుకుంటున్నాడు. చేపలు వేయించేది ఆయనే. బెంచీ నుంచి లేపారు గానీ మూకుడు దగ్గర నుంచి ఎవరూ లేపలేదు, అంత ఎండలో ఆ పని ఇంకెవరికీ అక్కర్లేదు. మనిషి మొహం వెలిగిపోతోంది. ఏమిటి సంగతన్నాను.

"మీ అమ్మ నోరు జారింది డెస్సా."

కిటికీ దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారట. తను కిటికీకి వెనకే మూకుడు దగ్గర ఉన్నాడట. మా ఆయనకి తోక ముక్క వెయ్యి, కరకరలాడేది చూసి వెయ్యి అని అమ్మ గట్టిగా అందట. తను చెవులారా విన్నాడట. ఆ ప్లేటు తన దాకా రాలేదు, ఎవరో ఎత్తుకుపోయి ఉంటారు, పోతే పోయింది, తను చేప తినేదెప్పుడు గనక అన్నాడు. "మూడేళ్ళలో ఇదే మొదటిసారి. ఈ ఎండ కూడా చల్లగా ఉంది ఇవాళ."

నాకు ఒక్కటే తట్టింది. కిటికీ దగ్గర ప్లేట్లు కట్టేది ఎవరని అడిగాను. ఆయన మొహంలో వెలుగు తగ్గింది. బెర్నిస్ అన్నాడు. బెర్నిస్ షరీస్‌కి పెదనాన్న కూతురు.

ఆ తర్వాతి వారమే మాకు పిలుపు వచ్చింది. టాప్ పరిస్థితి బాగాలేదు కాబట్టి త్వరగా తేల్చాలని, కోర్టుకి ముందే లాయరు ఆఫీసులో అందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ప్రమాణం చేయించి ప్రశ్నలడిగే ఏర్పాటు చేశారు. ప్రతి మాటా టైపు చేసే మనిషి ఒకామె మూల కూర్చుంది. బెర్నిస్ చెప్పింది అప్పటికే నమోదైంది. ఏదో సరదాకి అన్నానని చెప్పమ్మా అని ఒచోవా అమ్మకి కారు దగ్గరే చెప్పి ఉంచాడు. సరదా అయితే ఒప్పుకోలు కాదు.

ముందు ఆమోస్‌ని అడిగారు. మీ ఇద్దరూ భార్యాభర్తలని ఎప్పుడైనా ఒప్పుకున్నారా అంది షరీస్ లాయరు. నేను అడిగాను, ఆవిడ సెప్టెంబరు దాకా ఆగమంది, ఆగుతున్నాను అన్నాడు. ఒచోవా తలాడించాడు. ఆ రోజు కిటికీ దగ్గర ఆవిడ మా ఆయన అనడం మీరు విన్నారా అని అడిగింది. ఆమోస్ బైబిల్ మీద పెట్టిన చేతినే ఒకసారి చూసుకున్నాడు.

"విన్నాను."

"సరదాగా అన్నట్టుందా?"

"లేదండీ. మామూలుగానే అంది. ఇంట్లో అనుకున్నట్టు."

షరీస్ వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఒచోవా కలం మూసేశాడు. నేను బల్ల కింద అమ్మ చెయ్యి పట్టుకోబోయాను, ఆమె తీసేసుకుంది.

తర్వాత అమ్మ వంతు. ఆ మాట అన్నారా అంటే అన్నానంది. నవ్వులాటకా అని ఒచోవా అందించబోయాడు. అమ్మ ఆయన వైపు చూడలేదు, ఆమోస్ వైపూ చూడలేదు. కిటికీ అద్దం మీద ఏదో మరక ఉన్నట్టు అటే చూసింది.

"నవ్వులాటకి కాదు."

"అయితే ఎవరినుద్దేశించి అన్నారు, మిసెస్ టేటమ్?" అంది షరీస్ లాయరు.

"టాప్‌ని."

టైపు చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

"ఆ ప్లేటు టాప్‌కి. ఆయనకి తోక ముక్కే కావాలి, చిన్నప్పట్నుంచీ అంతే. ఇరవై రెండేళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఆ మాట అలాగే అన్నాను. నోటికి అదే వచ్చింది." చూపు అద్దం మీంచి తియ్యకుండా, "ఆమోస్ చేపలు వేయిస్తాడు గానీ తినడు. చర్చిలో ఎవర్నడిగినా చెప్తారు" అంది.

ప్లేటు టాప్‌కే చేరిందని రుజువేమిటని లాయరు అడిగింది. అమ్మ గడ్డంతో నన్ను చూపించింది. ఇది తీసుకెళ్ళింది, ఆవిడ చేతికే ఇచ్చింది అంది.

అందరూ షరీస్ వైపు తిరిగారు.

"అది చర్చి పంపిన చేప" అంది షరీస్. తర్వాత నా వైపు చూసింది. చర్చిదని చెప్పావుగా అన్నట్టు. నేను తల దించుకున్నాను.

"ప్రతి వారమా?" అంది.

"ప్రతి వారం" అన్నాను.

"నా వేళ్ళతో ముళ్ళు తీసి పెట్టాను."

ఆమె లాయరు కాగితాలు సర్దుకుంది. ఇంకొకర్ని పట్టుకుని మా ఆయన అంటున్న ఆడమనిషి ఆమోస్‌ని మొగుడిగా ఒప్పుకుందని ఏ జడ్జి రాస్తాడు? అది మనదేనని తేలిపోయింది. నేను ఆనందపడాల్సిన సమయం అది.

ఇంటికి అందరం ఒకే కారులో బయల్దేరాం. మా వీధి మలుపులో ఆమోస్ అడిగాడు. "అది లాయరు నేర్పిందా, వెర్లీన్?" జూన్ తర్వాత ఆయన అమ్మని పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"ప్రమాణం చేసి చెప్పాను" అంది అమ్మ.

ఆయన లోపలికి రాలేదు. ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించడం మొదలుపెట్టాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను వెళ్ళి, ఇరవై రెండేళ్ళ అలవాటు, అది ఉత్త మాట అని నచ్చజెప్పబోయాను. ఆయన కొక్కెం బిగించి, చేతులు గుడ్డకి తుడుచుకుని, నాతో కాదు, గుమ్మంతో మాట్లాడాడు.

"ఆగమన్నావు, ఆగాను. బెంచీ దిగాను. ఈ డబ్బాలో ఉడికాను. నువ్వు వయసు నిండడానికి ఆగుతున్నావనుకున్నాను వెర్లీన్."

అమ్మ పెదవి కదిలింది. ఏం చెప్పబోయిందో మరి, ఆ నోటికి ఎన్ని వారాలుగానో తాళం వేసి ఉంచాం. ట్రక్కు వెళ్ళిపోయింది. టెంపుల్ అన్న ఊళ్ళో వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళాడని తర్వాత తెలిసింది.

నాన్న ఆగస్టు మధ్యలో పోయాడు. సైనికుల శ్మశానంలో పూడ్చారు. తుపాకులు పేల్చాక, పెట్టె మీది జెండాని మడిచి ఒక కుర్ర సైనికుడు షరీస్ ముందు మోకాలి మీద కూర్చుని ఆమె ఒళ్ళో పెట్టాడు. అమ్మ వెనకాల, తెలిసినవాళ్ళ వరసలో నిలబడింది. నల్ల టోపీ పెట్టుకోవచ్చా కూడదా అని పొద్దున నన్నడిగి, చివరికి ముదురు నీలం పెట్టుకుంది.

జనం కార్ల వైపు కదిలాక షరీస్ నేరుగా మా దగ్గరికి వచ్చింది. జెండా చంకలో ఉంది. దెబ్బలాటకే వస్తోందనుకుని నేను అమ్మకి ముందుకి జరిగాను.

"చివరి రెండు వారాలూ ఏమీ తినలేదు. చేప లేదని" అంది. ఆ రోజు తర్వాత మేము ప్లేటు పంపలేదు. పంపే ధైర్యం మాకు లేకపోయింది.

అమ్మ ఏదో అనబోయింది.

"వినడానికి రాలేదు. చెప్పడానికొచ్చాను. ఇక్కడ ప్రతి రాయికీ వెనకవైపు ఖాళీ ఉంచుతారు, చూశావా? అది భార్య పేరుకి. చట్టం ప్రకారం భార్యకే. పెన్షన్ నీది వెర్లీన్. రాయి నాది."

ఆమె వెళ్ళిపోయాక అమ్మ ఆ తెల్లరాళ్ళ వరసల మధ్యకి నడిచింది. ఒక రాయి వెనక్కి వెళ్ళి వంగి చదివింది. తర్వాత ఇంకొకటి. ఎండలో చాలాసేపు అలా చదువుతూనే ఉంది. కారెక్కాక, ఆమోస్ పేరు కూడా వేరే శ్మశానంలో ఒక రాయి మీద ఎప్పుడో చెక్కి ఉందని చెప్పింది. మొదటి భార్య పోయినప్పుడే ఆమె పేరు పక్కన తన పేరూ చెక్కించి, తారీఖు ఒక్కటే ఖాళీ ఉంచాడట. "మంచివాడు. ముందుచూపు ఉన్నవాడు" అంది.

సెప్టెంబరులో పుట్టినరోజు వచ్చింది. టెంపుల్ నుంచి ఫోను రాలేదు, అమ్మా చెయ్యలేదు. నేను చేస్తానంటే వద్దంది. ఇప్పుడు తను ఏ మాట అయినా అనవచ్చు, ఏ చట్టమూ అడ్డం రాదు. అమ్మకి అనవలసిన మాటలేవీ గుర్తొచ్చినట్టు లేదు. నేను తెచ్చిన కేకు సగం మిసెస్ హటోకి పంపింది.

మొదటి నెల పెన్షన్ వచ్చిన శనివారం, కారు తియ్యమంది. ఎక్కడికో చెప్పలేదు. అమ్మ పుట్టిన ఊరి పక్కన, రోడ్డు మీదే, సమాధి రాళ్ళు చెక్కే దుకాణం ఒకటుంది. లోపలికి వెళ్ళి, వాళ్ళ ఊరి చర్చి వెనక తనకి చోటు కొనుక్కున్నానని, రాయి కావాలని చెప్పింది. ఆ చోటు ఎప్పుడు కొన్నదో నాకే తెలియదు. బూడిదరంగు రాయి ఎంచుకుంది, చిన్నదీ కాదు, పెద్దదీ కాదు. ఒంటరి రాయి.

దుకాణం ముసలాయన పెన్సిలు చెవి మీంచి తీసి, పేరు చెప్పమన్నాడు.

"వెర్లీన్."

"ఇంటిపేరు?"

అమ్మకి రెండున్నాయి. పుట్టింటివాళ్ళు గ్యాన్స్. కాగితాల్లో టేటమ్. ఆయన పెన్సిలు పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు.

"దానికి చోటు వదిలెయ్" అంది.

చెక్కవచ్చు గానీ, రాయి పాతాక మళ్ళీ అక్షరాలు వెయ్యాలంటే సామాను వేసుకుని శ్మశానానికి తను రావాలని, దానికి రెట్టింపు ఖర్చవుతుందని ఆయన చెప్పాడు. ఇప్పుడే ఏదో ఒకటి అనుకుంటే మంచిదన్నాడు.

"అవనీ" అంది అమ్మ, చేతిసంచీ మూసి. "ఆ ఖర్చు టాప్ పెట్టుకుంటాడు."